చూపరికి చేతులు రాయలేదు

ఇబ్రహీంపట్నం,
ఐతారం మధ్యాహ్నం.

సుగుణక్కకు నీ చెల్లె స్వరూప దండం పెట్టి రాసేది.

నేనిక్కడ బాగనే ఉన్న. నువ్వు, బావ, శ్రావణి మంచిగున్నరని అనుకుంటున్న. బావ మోకాలు నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాసుకుంటున్నడా, లేకపోతె సీసా అటుకు మీద పెట్టి మరిచిండా? టీవీల జగిత్యాల పేరు వినబడితె చాలు, చేతుల పని ఇడిచిపెట్టి ఉరుకుత. మనదిక్కు వాన ఇంక తగ్గలేదని చెప్తుండ్రు. మక్క చేన్లల్ల నీళ్లు నిలిచినయా? నా బిడ్డ శ్రావణికి ఎంటికలు ఊడుతున్నయా? అసొంటి జరం వచ్చి పోయినంక కొన్ని రోజులు ఊడుతయట, ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. బుగులు పడొద్దను. మల్ల వస్తయట.

నా గురించి ఫికర్ చెయ్యకు. తింటున్న, పంటున్న. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు అయిపోయింది. అడుగుతలేను, ఊకె చెప్తున్న.

నువ్వు ఫోను ఎత్తుతలేవు. ఎత్తితె నేను ఏడుస్త, నువ్వు తిడ్తవ్, నడిమిట్ల అసలు సంగతి పోతది. గందుకే కాయితం తీసుకున్న. నా రాత కోడి గీకినట్టు ఉంటదని నువ్వే అంటుంటివి. జర ఓపిక పట్టి చదువు. కోపం ఆగకపోతె బావతోని చదివించుకో, గని చింపకు.

"ముసలాయన నీకు బిడ్డకంటె ఎక్కువైండా" అన్నవ్ గద ఫోన్ల. ఇప్పుడు మొదటికెల్లి చెప్త. నీకు ఎరుకున్న ముచ్చట్లు సుత చెప్త. నడిమిట్ల వదిలేస్తె సమజ్ గాదు.

బీడీల పని సన్నగిల్లినంక పట్నమొచ్చి ముసలోళ్లను చూసుకునే పని నేర్చుకుంటి గద. ఎల్బీనగర్ల ముసలమ్మ పోయినంక, ఎండకాలంల, ఏజెన్సోళ్లు నన్ను ఇక్కడికి పంపిండ్రు. సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ దాటి ఇంక లోపటికి రావాలె. పొద్దుగాల లేస్తె పచ్చటి కాలేజీ బస్సులు వరుస పెట్టి పోతయ్. అవి పోయినంక గల్లీ అంత సప్పుడు లేకుంట అయితది. ఇంటి ఎనుక వెంచరోళ్లు పాతిన తెల్లరాళ్లు తప్ప ఏం కనబడది. మన వాడకట్టుల లెక్క "ఏం కూర వండినవే" అని గోడ మీదికెల్లి అడిగేటోళ్లు లేరు. ఎదురింట్ల యాదమ్మ అని ఒకామె ఉంది, గామె ఒక్కతే పలకరిస్తది.

ఈ ఇంట్ల ఉండేది ఇద్దరే. పెద్దసారు, ఆయిన బిడ్డ వసంత మేడం. వాళ్లది రావిర్యాల దిక్కు. అక్కడి భూములు పోయినంక ఇక్కడ ఇల్లు కట్టుకున్నరట. మేడం ఇంజినీరింగు కాలేజీల లెక్కలు చెప్తది. పెండ్లి చేసుకోలేదు. మంచి మనిషి అక్కా. నేను తిన్ననా లేదా అని అడిగి గని తను కంచం ముందట కూసోదు.

పెద్దసారు సర్కారు బడిల సైన్సు చెప్పిండు. బడి గాక కథలు రాసేది. వారపత్రికలల్ల అచ్చయితుండెనట, అన్ని మరమనుషుల కథలే. మరమనిషి అంటె రోబో. ఇప్పుడు ఆయినకు మతి పోయింది. పొద్దుగాల తిన్నది పగటీలికి యాదుండది. బిడ్డ పేరు ఒకనాడు యాదుంటది, ఒకనాడు ఉండది. గని ఆ కథలు మాత్రం తలకాయల అట్లనే ఉన్నయ్. ఇల్లంత ఖాళీ చేసినంక ఒక్క అర్రల సామాను మిగిలినట్టు.

నన్ను మొదాలు కిరాయికున్నదాన్ననుకున్నడు. కరెంటు బిల్లు కట్టినవా అని దబాయించేది. ఆ తర్వాత, ఎన్నడో పోయిన చెల్లె అనుకున్నడు. గవన్ని మంచిగనే ఉండె. ఒకనాడు ఏలుకు క్లిప్పు పెట్టి ఊపిరి చూస్తున్న. ఆ క్లిప్పుల ఎర్రలైటు ఉంటది. నాకు దగ్గు ఉండెనని మూతికి మాస్కు, చేతులకు గ్లౌసులు ఏసుకున్న. ఆయిన ఆ ఎర్రలైటు చూసిండు, నా మొఖం చూసిండు. కండ్లల్ల నీళ్లు తీసుకున్నడు.

"వచ్చినవా చూపరీ" అన్నడు. "నేను రాస్తె, నిజంగనే వచ్చినవా?"

పొద్దుమీకి మేడానికి చెప్తె నవ్వింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకున్నది. చూపరి అంటె ఆయిన కథలల్ల మరమనిషట. ఆడ మరమనిషి. పాత పుస్తకం తీసి ఒక కథ నాకు చదివి వినిపించింది. ఆ కథల చూపరి ఒక ఇంటి మూలకు నిలబడి ఉంటది. దానికి అన్ని కనబడ్తయ్. గోడ అవతలిది కనబడ్తది, మనిషి ఒంట్ల వేడి కనబడ్తది. గని ఏది ఏందో దానికి తెల్వది. ఇంట్ల ఇల్లాలు ఏడుస్తుంటె, రెండు చోట్లకెల్లి ఉప్పునీళ్లు కారుతున్నయ్ అని చెప్తది, అంతే.

నేను అన్న, "సినిమాలల్ల గట్ల ఉండది గద మేడం" అని. మనం శ్రావణిని నడుమ కూసోబెట్టుకోని డబ్బింగు సినిమాలు చూసేది యాదికుందా? మరమనిషి కండ్లకెల్లి చూపిస్తె తెర అంత ఎర్రగయితది. పక్కపొంటి అక్షరాలు, అంకెలు ఉరుకుతయ్. మనిషి చుట్టు డబ్బా గీసి గురి పెడ్తది. గదే చెప్పిన.

మంచం మీద పెద్దసారు ఇన్నడు. నవ్విండు. పాత సారు లెక్క కూసున్నడు.

"ఆ అక్షరాలు ఎవరి కోసం?" అని అడిగిండు. "యంత్రం చదువుకోవటానికా? దాని కన్ను ఎనుక ఇంకో కన్ను కూసోని చదువుతదా? అవి నీ కోసం. టిక్కెట్టు కొన్నది నువ్వు గద. ఆ ఎరుపు సుత నీ కోసమే, నువ్వు బుగులు పడాలె గద. మనిషి తన భయం తీసుకపోయి దాని కండ్లల్ల పెట్టిండు. దానికి దుష్మనెవరు, దోస్తెవరు? కనబడుతది. అదేందో తెలియదు. గంతే."

మేడం కదలకుంట నిలబడి ఇన్నది. ఆయిన గంత సక్కగ మాట్లాడి ఏడాది దాటిందట. తర్వాత మల్లెన్నడు మాట్లాడలేదు.

ఆ దినం కాడికెల్లి నేను స్వరూపను గాదు, చూపరిని. బుక్క నోటికాడికి పెట్టంగనే నోరు మూసుకోని అడిగేది.

"చూపరీ, ఏం కనబడుతోంది? నివేదించు."

"వాన పడ్తుంది సారు."

"వాన అని నీకెట్ల తెలుసు? అది మనుషుల మాట. చూసింది చెప్పు."

"మీదికెల్లి నీళ్లు... సన్నగ, తీగెల లెక్క... కింద పడి పలుగుతున్నయ్."

"ఆ!" అని నోరు తెరిచేది. నేను గబగబ ఒక బుక్క పెట్టేది.

గట్ల తినిపించేదాన్ని అక్కా, మూడు పూటలు. మేడం గేటు తీస్తె, "సంచి మోస్తున్న ఒకటి వస్తుంది, కుడి దిక్కు ఒంగి నడుస్తుంది" అని సారుకు చెప్పేదాన్ని. మేడం ఒకసారి మెట్ల మీదనే ఆగి, "భుజం నొస్తుంది, ఎవ్వరికీ చెప్పలే" అన్నది. నవ్వు, ఏడుపు రెండు వచ్చినయ్ ఇద్దరికి. కొన్ని రోజులు నాకు సుత అలవాటయింది. మంచిగనే అనిపించింది అనుకో.

గని పొద్దంత మర లెక్క ఉండుడు కష్టం. ఆయిన ముందట నేను కూసోవద్దు. తినవద్దు. ఒకసారి అంబలి తాగుతుంటె చూసి, "ఎవరు నువ్వు? చూపరిని ఏం చేసినవ్?" అని చెంబు గుంజి ఇసిరికొట్టిండు. అప్పటిసంది వంటింట్ల నిలబడి తింటున్న. ఫోను పట్టుకుంటె మరీ పరేషాన్. "ఎవరు ఆజ్ఞలిస్తున్నరు నీకు?" అని ఒణుకుతడు. గందుకే స్నానాలర్రల తలుపేసుకోని నీతోని మాట్లాడేదాన్ని. "ఎందుకే దొంగ లెక్క గుసగుస పెడ్తవ్" అని నువ్వు తిట్టేదానివి. ఒకనాడు అద్దం ముందట బొట్టు పెట్టుకుంట, "ఒక మొఖం, నడుమ ఎర్ర చుక్క" అని లోపలనే అనుకున్న. అనుకున్నంక నాకే గుబులైంది.

ఇంకొకరిని దగ్గరికి రానియ్యడు. బోనాలకు నేను మీ దగ్గరికి వద్దామనుకున్న గద, రాలేదు గద. అప్పుడు ఏజెన్సోళ్లు వేరే ఆమెను పంపిండ్రు. ఆమెను చూసి ఆయిన అర్ర గొళ్లెం పెట్టుకున్నడు. పొద్దంత తీయలేదు, తినలేదు, మందు గోలీలు ఏసుకోలేదు. ఆఖరికి నేను సంచి కింద పెట్టి, మాస్కు ఏసుకోని పిలిస్తె తీసిండు.

ఇగ ఆ దినం సంగతి.

మేడం పేపర్లు దిద్దే డ్యూటీ మీద వరంగల్ పోయింది. పొద్దుగాల నీ ఫోను వచ్చింది. శ్రావణికి డెంగీ అన్నరు, నెత్తుట్ల కణాలు పడిపోయినయ్, ఎక్కియ్యాలె అంటుండ్రు, బావ నెత్తురు కోసం తిరుగుతుండు, నువ్వు ఎంటనే బయలుదేరు అన్నవ్. ఎనుక నా బిడ్డ మూలుగుడు వినబడ్డది. అది నీకు వినబడ్డదో లేదో, నాకు వినబడ్డది.

మేడానికి చేసిన. "ఇప్పుడే బయలుదేరుతున్న స్వరూపా, పొద్దుమీకి వరకు నీ ముందట ఉంట" అన్నది. జరసేపటికి మల్ల తనే చేసింది. వాగు రోడ్డు మీదికొచ్చింది, బండ్లన్ని ఆపిండ్రు అని. ఆమె గొంతుల సుత ఏడుపే. ఏజెన్సీకి చేస్తె, వానల ఎవ్వరు లేరు, రేపు చూద్దాం అన్నరు. యాదమ్మ కాళ్ల మీద పడ్డంత పని చేసిన. ఆమె పాపం వచ్చింది. పెద్దసారు జావ గిన్నె ఆమె మీదికి ఇసిరి "దొంగలు, దొంగలు" అని ఒర్రిండు. ఆమె చీరంత ఖరాబు. "నాతోని గాదు బిడ్డా, ఏమనుకోకు" అని పోయింది.

ఇంక ఏం చెయ్యాలె అక్కా? గొళ్లెం పెట్టి పోదునా? పోయినసారి గ్యాసు పొయ్యి తిప్పి ఇడిచిపెట్టిన మనిషి. అప్పుడొకటి తోచింది. ఆయిన్ని నాతోని తీసుకపోదాం. మేడాన్ని అడిగిన. "నీకు ఎట్ల తోస్తె అట్ల చెయ్యి స్వరూపా. నేను కాదనలేను" అన్నది.

ఆయినకు ప్యాంటు తొడిగి, వానకోటు ఏసి, మెల్లగ దించి ఆటోల కూసోబెట్టిన. పట్నం పోవాలె, అక్కడ జూబిలీ బస్టాండుల జగిత్యాల బస్సు పట్టాలె, చీకటి పడంగ నీ దగ్గరుంట అని లెక్క ఏసుకున్న. ఆటోల మంచిగనే కూసున్నడు. నా మోచెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

ఇబ్రహీంపట్నం బస్టాండుల దిగినంక ఆగమైంది. వానకు బస్సులు తక్కువొచ్చినయ్, జనం మస్తు. కాలేజీ పిలగాండ్లు, కూరగాయల గంపలోళ్లు, అందరు ఆ రేకు కిందనే ఇరికిండ్రు. హారన్లు. ఆయిన నా చెవుల అడిగిండు, "చూపరీ, ఏం కనబడుతోంది?"

"బస్సులు సారు."

"పేర్లు చెప్పకు!" అని ఒర్రిండు. అందరు ఇటు తిరిగిండ్రు.

అప్పుడే ముందటి బస్సు బిరేకు కొట్టింది. ఎనుక ఎర్రలైట్లు వెలిగినయ్. తడి నేల మీద ఆ ఎరుపంత పారింది, ముందట నిలబడ్డోళ్ల మొఖాల మీద, కండ్లద్దాల మీద పడ్డది. ఆయిన చూసిండు. మర కన్నుకు ఎర్ర రంగు ఎందుకు అని నవ్విన మనిషే అక్కా, ఇప్పుడు గజగజ ఒణికిండు.

"అందరి కండ్లు ఎర్రగున్నయ్. గురి పెడుతున్నరు. నన్నే చదువుతున్నరు, చూడు, అక్షరాలు పోతున్నయ్ చూడు..."

బస్సు మీద ఊర్ల పేర్లు లైట్లల్ల ఉరుకుతుంటయ్ గద, గవి చూపిస్తున్నడు. నేను ఆయిన కండ్లకు చెయ్యి అడ్డం పెట్టిన. "ఏం లేదు సారు, నేనున్న" అన్న. ఆయిన అట్లనే నీళ్లల్ల కూలబడ్డడు. ప్యాంటు తడుపుకున్నడు. వాననీళ్లనుకుంటరులే అని నాకు నేనే చెప్పుకున్న, గని వాసన తెలుస్తది గద.

కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి అడిగిండు. "అమ్మా, ఎక్కుతవా లేదా?"

"ఎక్కుతనే. ఈయిన్ని జర పట్టరాదే అన్నా."

కండక్టరు సారును చూసి నాలిక కరుచుకున్నడు. "ఇసొంటి మనిషిని ఎట్ల తీసుకపోతవమ్మా? తొవ్వల ఏమన్నయితె ఎవరు జవాబు చెప్పాలె? ఇంటికి తీసుకపో" అన్నడు. కోపంతోని అనలేదు. నిజమే అన్నడు. బస్సు కదిలింది. తలుపు కాడ ఒక చెయ్యి పట్టుకునే జాగ ఖాళీగ ఉండె. నేనొక్కదాన్నయితె ఉరికి ఎక్కుదు. ఎవరో పెద్దమనిషి సాయం పట్టి సారును లేపిండు. నేను ఆటో ఎక్కించుకోని మల్ల అదే ఇంటికొచ్చిన.

ఇంటికొచ్చినంక వేడినీళ్లు పోసి, తుడిచి, దుప్పటి కప్పిన. అప్పుడే నీకు ఫోను చేస్తె "నెత్తురు దొరికింది, ఎక్కిస్తుండ్రు, ఇంక ఏం చెప్పలేం అంటుండ్రు. ఏడిదాక వచ్చినవ్?" అన్నవ్. నీ ఫోనుల చార్జింగు అయిపోయిందో, నువ్వే పెట్టేసినవో, కట్టయింది.

నేను గోడకు ఆనుకోని నిలబడ్డ. ఆయిన దుప్పట్లకెల్లి అడిగిండు, "చూపరీ, ఏం కనబడుతోంది?"

ఆ అడుగుడుకు నాకు ఎక్కడలేని మంట లేచింది. "నా బిడ్డ కనబడుతుంది సారు" అన్న.

ఆయిన లేసి కూసున్నడు. "ఎంత దూరం?"

"జగిత్యాల."

"నడుమ గోడలున్నయా?"

"మస్తు గోడలున్నయ్ సారు."

"అయినా కనబడుతోందా? నివేదించు."

"మంచం. ఇనుప మంచం. మీద సీసా. సన్నటి పైపు. చేతికి సూది గుచ్చిండ్రు. పెదవులు ఎండినయ్. మా అక్క తడిబట్ట పెడ్తుంది..." గంతవరకే చెప్పిన.

ఆయిన నా మొఖం దిక్కు చూసిండు. రెండు చోట్లకెల్లి నీళ్లు అని అంటడనుకున్న. అనలేదు.

"ముట్టుకోలేవు" అన్నడు. "నీ తప్పు గాదు. నేనే రాయలేదు. చూపరికి చూపు రాసిన, చేతులు రాయలేదు. గోడల అవతలికి చూపు పోతది, చెయ్యి పోదు. మంచి కథనుకున్న అప్పుడు." నా దిక్కు చెయ్యి చాపి, "కాయితం తే. ఇప్పుడు రాస్త. నువ్వు పోవాలె" అన్నడు.

నేను పిచ్చిదాన్ని, తెచ్చి ఇచ్చిన. నిజంగ చెప్తున్న అక్కా, ఆయిన రాస్తె నేను నీ దగ్గర ఉంటనేమో అని ఒక్క నిమిషం ఆశపడ్డ. పెన్ను పట్టుకున్నడు. పైకి చదువుకుంట రాసిండు.

"చూపరి బస్సెక్కింది."

ఆగిపోయిండు. చానసేపు కాయితం దిక్కే చూసిండు.

"బస్సెక్కింది ఎవరు?"

"చూపరి సారు."

"ఎక్కడికి?"

"జగిత్యాలకు."

"ఎందుకు?"

"బిడ్డ కోసం."

"ఎవరి బిడ్డ?"

నా బిడ్డ అని చెప్పిన. సరే అని మల్ల మొదటికెల్లి రాసిండు. చూపరి బస్సెక్కింది. మల్ల ఆగిపోయిండు. మల్ల అడిగిండు. కాయితం నిండింది, అదే మాట కింద మీద. బస్సు కదలలేదు. ఆఖరికి పెన్ను ఇడిచి నా రెండు చేతులు పట్టుకున్నడు. ఆ ఒక్కసారి నన్ను చూపరీ అని పిలువలేదు.

"నువ్వే చెప్పమ్మా" అన్నడు బతిలాడుకుంట. "తర్వాత ఏమైతది?"

"నాకేం తెలుసు సారు" అన్న.

ఇద్దరం గట్లనే కూసున్నం. ఆయిన ముందట నేను మంచం మీద కూసున్నది అదే మొదాలు. ఆయిన ఏం అనలేదు.

తెల్లారి పగటీలికి మేడం వచ్చింది, మోకాళ్ల దాక బురదతోని. నా సంచి తలుపు కాడనే ఉంది. అప్పుడే నీ ఫోను. కణాలు పెరుగుతున్నయ్, గండం గడిచింది అన్నవ్. నేను కింద కూలబడి దేవుళ్లందరికి మొక్కిన. నేను ఇగ బయలుదేరుతున్న అంటె, "ఇప్పుడొచ్చి ఏం చేస్తవ్? నీ బిడ్డే రావద్దంటుంది" అన్నవ్. శ్రావణి గొంతు దూరంకెల్లి వినబడ్డది. "అమ్మను రావద్దని చెప్పు పెద్దమ్మా" అని. తప్పుగ వినబడ్డదేమో అనుకున్న. గాదు, సక్కగనే వినబడ్డది. పండుకోని ఉన్న పిల్ల, అన్నిసార్లు "అమ్మ ఏది" అని అడిగిన పిల్ల, అనకుంట ఎట్లుంటది? దానిమీద నాకు కోపం లేదు. నీ మీద లేదు. రాత్రంత దాని పక్కన కూసున్నది నువ్వు. సాదింది సుత నువ్వే, వాళ్ల నాయిన పోయినప్పటిసంది.

లోపట పెద్దసారు ఒళ్లు కాలుతుండె. వానల నేను తిప్పినందుకే. మేడం నన్ను తప్పు పట్టలేదు. "నీ జాగల నేనున్నా గదే చేద్దు" అన్నది, మెట్ల మీద కూసోని బురద కాళ్లు చూసుకుంట. ఉండమని అడగలేదు, పొమ్మని అనలేదు. అక్కడ రావద్దంటుండ్రు, ఇక్కడ ఈయిన మూలుగుతుండు. సంచి తీసి లోపట పెట్టిన.

ఛాతీల నెమ్ము చేరింది అన్నరు. దవాఖానల ఉంచిండ్రు. బతికిండు, ఇంటికి తెచ్చినం. గని మాట పోయింది. ఇప్పుడు ఏం అడుగుతలేడు. నేనే ఒకట్రెండుసార్లు, "సారు, మీదికెల్లి నీళ్లు పడ్తున్నయ్" అని చెప్పిన. కండ్లు తెరిచి చూసిండు. ఆయినకు ఏం కనబడుతుందో, అది ఏందని తెలుస్తుందో లేదో నాకెట్ల తెలుస్తది?

ఇప్పుడు ఎవరు పెట్టినా తింటుండు అక్కా. కొత్త ఆమె వచ్చింది, భద్రాచలం దిక్కు పిల్ల. ఆమె పెడితె నోరు తెరుస్తడు. నేను పెట్టినా గట్లనే తెరుస్తడు. ఆయినకు తేడా లేదు. ఇప్పుడు నేను లేకున్నా ఇక్కడ ఒక్క పని ఆగది. ఆ దినం గిట్ల ఉంటె చాలునని ఎంత మొక్కుకున్ననో. ఇప్పుడు ఉంది. ఏం చేసుకోవాలె?

ఈ ఉత్తరం నన్ను మంచిదాన్ని చేసుకునేటందుకు రాస్తలేను. రాలేకపోయిన, గంతే. రావాలని లేకపోవుడు వేరు, రాలేకపోవుడు వేరు అని నీకు తెలియాలె. శ్రావణికి ఇప్పుడే చదివి వినిపించకు. పెద్దగైనంక, అది అడిగితె చెప్పు. అడగకపోతె ఊకో.

పోచవ్వ పెద్దమ్మకు, బావకు నా దండాలు చెప్పు. యాదమ్మ నీకు దండం చెప్పుమన్నది, ఎవరో తెలియకున్నా చెప్పుమన్నది. నన్ను చల్లగుండుమని నోటితోని అనబుద్ధి కాకపోతె మనసుల అనుకో, గది చాలు నాకు. మేడం రేపు కాలేజీకి పోతూ దీన్ని పోస్టుల ఏస్తది.

వచ్చే ఐతారం బయలుదేరి వస్తున్న. రావద్దని మల్ల ఫోను చెయ్యకు, ఎత్తను. పొద్దుమీకి వరకు చేరుత. తలుపు తీస్తవో తియ్యవో నీ ఇష్టం. తియ్యకపోతె గడప బయటనే కూసుంట, సప్పుడు చెయ్య, ఎవ్వరిని పిలువ. సోమవారం బడి ఉంది. శ్రావణి తలుపు తీసుకోని బయటికి రావాల్సిందే గద.

నీ చెల్లె,
స్వరూప